చాకిరేవు నుండి ఉతుకు గది వఱకు

బట్ట నేయుట యొక్కసారి, ఉతుకుట వందసారులు. అయినను మన చరిత్రకారులు మగ్గమును గూర్చి వ్రాసినంత విరివిగా చాకిబండను గూర్చి వ్రాయలేదు. కారణము ఊహింపరానిది కాదు. సాలెవాని శ్రమకు గుర్తుగా చీర మిగులును. వడ్రంగి శ్రమకు గుర్తుగా తలుపు మిగులును. ఉతికినవారి శ్రమకు గుర్తుగా మిగులున దేమి? నిన్నటి బట్టయే నేడును ఉండును. రేపటికి మరల మాసిపోవును. గుర్తు మిగులని పనికి చరిత్ర వ్రాయుట కష్టము. అయినను ప్రతి యింటను ప్రతి వారమును జరుగు పనికి చరిత్ర లేదనుట న్యాయము కాదు.

భార్యాభర్త లిద్దఱును ఉద్యోగములకు పోవుదురు. పిల్లలు బడికి పోవుదురు. ఇంట ముసలివా రొకరిద్ద ఱుందురు. ఇట్టి తీరిక లేని కుటుంబములో బట్టలుతుకు గదిని ఎట్లు అమర్చుకొనవలయును? ఈ ప్రశ్న నేడు తఱచుగా వినబడుచున్నది. అల్మారల కొలతలును, యంత్రముల ధరలును చెప్పి సమాధాన మిచ్చువారు పలువురు కలరు. నేను గృహనిర్వాహశాస్త్రము చదివినవాడను కాను, చరిత్ర చదివినవాడను. కావున ఈ ప్రశ్నను చరిత్రనే అడిగి చూచెదను. గది క్రొత్తది కాని సమస్య క్రొత్తది కాదు. గది లేని కాలమున మన పెద్దలును, అన్యదేశములవారును ఈ పనిని ఎట్లు సమకూర్చుకొనిరో పరిశీలించినచో, మనము తిరిగి తెచ్చుకొనదగినది కొంతయు, తిరిగి తేరానిది కొంతయు కనబడును.

శ్రోతలారా! ఏ దేశమున నైనను, ఏ కాలమున నైనను, ఉతుకుపనికి నాలుగు అంగములు కలవు. మొదటిది తావు: నీరును, ఎండయు, బండయు గల చోటు. రెండవది గుర్తు: ఏ బట్ట యెవరిదో తెలియు ఉపాయము. మూడవది గడువు: ఏ నాడు వేయవలయును, ఏ నాడు తిరిగి రావలయును అను కట్టుబాటు. నాలుగవది చేతులు: ఈ పని యెవరు చేయవలయును అను నిర్ణయము. మొదటి మూడింటిని మానవులు చాల కాలము క్రిందటనే చక్కగా సాధించిరి. నాలుగవదానియందే నేటికిని న్యాయము కుదురలేదు. నేటి నా ప్రసంగమున కిదియే సారాంశము.

మొదట తావును గూర్చి చెప్పెదను. కౌటిల్యుని అర్థశాస్త్రము పేరు మాత్రమే వినబడుచు, గ్రంథము కనబడక చిరకాల ముండెను. 1905లో మైసూరులో శామశాస్త్రిగారు దాని తాళపత్రప్రతిని గుర్తించి, 1909లో అచ్చు వేయించిరి. రాజ్యతంత్రములును, గూఢచారులును మాత్రమే అందున్నవని పలువు రనుకొందురు. కాని అందు నాలుగవ అధికరణమున చేతిపనులవారిని గూర్చిన నియమములలో రజకులకును చోటు కలదు. నునుపైన ఱాతిమీద గాని, చెక్క పలకలమీద గాని ఉతుకవలయును. వేఱొక చోట ఉతికి బట్ట చెఱచినచో నష్టము నిచ్చుకొనుటయే గాక ఆఱు పణములు దండుగ కట్టవలయును. మనుస్మృతియు బూరుగు చెక్క పలకమీద మెల్లగా ఉతుకుమని విధించుచున్నది. బట్ట ఆయువు ఉతుకు చోటుపై ఆధారపడి యుండునని ఆ శాస్త్రకారు లెఱుగుదురు. మొదటి ఉతుకుతో బట్ట విలువలో నాలుగవ వంతు తగ్గునని, రెండవదానితో అయిదవ వంతు తగ్గునని కౌటిల్యుడు లెక్క గూడ కట్టినాడు.

ఇటలీ దేశమున క్రీ. శ. 79లో అగ్నిపర్వతము ప్రేలి బూడిదలో మునిగిపోయిన పాంపే నగరమును త్రవ్వగా, ఉతుకుపనివారి కార్యశాలలు బయటపడినవి. వరుసగా కట్టిన తొట్లు, నీరు ఒక తొట్టినుండి మఱొకదానికి పాఱు కాలువలు, పనివారు నిలిచి కాళ్లతో బట్టలను త్రొక్కు కుండీలు నేటికిని అచ్చట చూడవచ్చును. జిడ్డు వదలించుటకు వారు మానవమూత్రమును ప్రోగుచేసి పులియబెట్టి వాడుచుండిరి. విన్నవారికి రోత కలుగవచ్చును. కాని దానినుండి పుట్టు అమోనియాక్షారము జిడ్డును నిజముగా కరగించును. వెస్పాసియను చక్రవర్తి ఆ మూత్రముపై గూడ పన్ను వేసెను!

మన తెలుగునాట అట్టి అవసరము కలుగలేదు. ఆ క్షారమును మనకు భూమియే యిచ్చినది. చవుటినేలలపై వేసవిలో పొడివలె తేలు చవుడులో సోడియము కార్బొనేటు కలదు. మాసిన బట్టలను చవుడు కలిపిన నీటిలో ముంచి, పిండి, పొయ్యిమీది బానపై పేర్చి, రాత్రియంతయు ఆవిరి పట్టించుచుండిరి. దీనికే ఉబ్బ వేయుట యని పేరు. తెల్లవాఱగనే ఆ మూటలు గాడిదలపై రేవు చేరును. అచ్చట చాకిబండపై ఉతుకుట, పాఱు నీట జాడించుట, గంజి పెట్టుట, ఎండలో పఱచుట. పట్టువస్త్రములకు మాత్రము క్షారము పనికిరాదు. వానికి కుంకుడుకాయ నురుగు. సబ్బు రాకపూర్వమే యింత రసాయనశాస్త్రము రేవులలో నడచుచుండెను. ఇంగ్లండులో చేసిన సన్లైటు సబ్బు పెట్టెలు 1888లో కలకత్తా ఓడరేవున దిగినవి. వానికి ఎంతో ముందునుండియు మన పంచెలు తెల్లగనే యుండెను.

చాకిరేవున మఱొక విశేషమును గమనింపుడు. ఉతుకు బండ నాలుగడుగుల చోటులో నిమిడిపోవును; ఆఱవేయుటకు మాత్రము ఇసుకతిన్నె యంతయు కావలయును. పనిలో ఎక్కువ చోటు పట్టునది ఉతుకుట కాదు, ఆఱుట. నేటి యిండ్లలో యంత్రమునకు ముందుగా స్థలము చూచి, దండెమునకు చోటు వెదకుకొనువారు ఈ లెక్కను తలక్రిందులు చేయుచున్నారు.

రెండవ యంగము గుర్తు. పదియిండ్ల బట్టలు ఒకే బానలో ఉబ్బకు పోవును. తిరిగి వచ్చునప్పుడు ఏ పంచె యే యింటికి చేరవలయునో ఎట్లు తెలియును? ఒకరి బట్టలను మఱొకరి బట్టలతో కలుపరాదని, ఒకరివి మఱొకరికి కట్టనీయరాదని మనువు నిషేధించెను. కౌటిల్యుడు ఇంకను ముందునకు పోయెను. రజకులు తాము కట్టుకొను బట్టలకు ముద్గరము, అనగా సమ్మెట గుర్తు ఉండవలయును. ఆ గుర్తు లేని బట్ట కట్టి కనబడినచో అది పరులదని యెంచి మూడు పణముల దండుగ. పరుల బట్టను అమ్మినను, అద్దె కిచ్చినను, తాకట్టు పెట్టినను పండ్రెండు పణములు.

మన పల్లెలలో గుర్తు పెట్టుటకు సాధనము నల్లజీడి గింజ. దాని రసమును పుల్లతో బట్ట అంచున అంటించినచో నల్లని మచ్చ పడును. చవుడునకు గాని, ఆవిరికి గాని, సబ్బునకు గాని అది చెఱగదు. ఒక యింటికి రెండు చుక్కలు, మఱొక యింటికి గీతయు చుక్కయు, వేఱొక యింటికి కత్తెర గుర్తు. అక్షరము రానివారు కనిపెట్టిన లిపి యిది! గుర్తు తెలియని శవముల ఆనవాలు పట్టుటకు పోలీసువారికి సైతము ఈ గుర్తు తోడ్పడుచుండెను. కాని జీడిరసము చర్మమునకు తగిలినచో బొబ్బలెక్కించును. రెండవ ప్రపంచయుద్ధకాలమున హిందూదేశములో నున్న అమెరికా సైనికుల మెడలపై దద్దురులు లేచుటకు ఈ గుర్తులే కారణమని 1943లో వారి వైద్యులు ప్రకటించిరి. కట్టుకొన్నవారికే యంత బాధ కలిగినప్పుడు, దినదినమును ఆ గింజను చేతబట్టినవారి వ్రేళ్లస్థితిని గూర్చి వ్రాసినవారు లేరు.

గుర్తునకు తోడు పద్దు. చాకలికి బట్టలు వేయు దినమున ఇల్లాలు ఒక్కొక్కటి లెక్కించి వేయును: పంచెలు నాలుగు, చీరలు ఆఱు, దుప్పట్లు రెండు, తుండుగుడ్డలు మూడు. చదువు వచ్చిన యింట ఈ లెక్క చీటిపై ఎక్కును. రాని యింట గోడపై బొగ్గుగీతలుగా నిలుచును. నా చిన్ననాట మా వీథిలోని యొక ముసలమ్మగారి వంటయింటి గోడపై ఇట్టి గీతలు బారులు తీరి యుండుట నే నెఱుగుదును. బట్టలు తిరిగి వచ్చినప్పుడు గీత కొట్టివేయుదురు. కొట్టివేయని గీత రాని బట్టకు సాక్ష్యము. చాకలిపద్దు అను మాటను నేడు మనము పనికిరాని పట్టికయను నర్థమున వాడుచున్నాము. ఆ పద్దు లేని యింట ఎన్ని బట్టలు దారి తప్పునో తెలిసినవా రెవ్వరును దానిని ఎగతాళి చేయరు.

మూడవ యంగము గడువు. అర్థశాస్త్రమున తెలుపు హెచ్చినకొలది గడువును ఒక్కొక్క రాత్రి చొప్పున పెరుగును. లేత రంగు వేయుటకు అయిదు రాత్రులు, నీలి రంగునకు ఆఱు. గడువు దాటినచో కూలి పోవును. ఐరోపా, అమెరికా దేశములలో సోమవారము ఉతుకునకును, మంగళవారము ఇస్త్రీకిని అని గృహిణులు వారమును పంచుకొనుట ఆచారమయ్యెను. మన పల్లెలలో వారము కన్న పండుగయు, పెండ్లియు, పురుడును ముఖ్యమైన గడువులు. ఇస్త్రీ యను మాటను మనకు పోర్చుగీసువారు విడిచిపోయిరి. అంతకు ముందు చలువ యనియే వాడుక. మంగలి పాత, చాకలి క్రొత్త అను సామెతయు ఈ సందర్భమున పుట్టినదే. క్రొత్తగా కుదిరినవాడు గడువు తప్పక, మరక మిగులక తెచ్చునని దాని భావము.

ఇంతవఱకు విన్నచో మన పూర్వుల యేర్పాటు సర్వసమగ్రముగా కనబడును. తావు కలదు, గుర్తు కలదు, గడువు కలదు. ఇక నాలుగవదగు చేతుల మాట.

తెలుగు గ్రామమున పన్నిద్దరు ఆయగాండ్రలో చాకలి యొకడు. అతనికి దినదినపు కూలి లేదు. పంట నూర్చినప్పుడు కళ్లమున మేర గింజలు. సాయంకాలము ఇంటింట పెట్టు అన్నము. కొన్ని యూళ్లలో కొంత మాన్యము. అతడే గాదు, భార్యయు, బిడ్డలును ఈ పనికి కట్టుబడినవారే. మూట మోయుట, ఉబ్బ కాచుట, ఇంటింటికి తిరిగి బట్టలు తెచ్చుట, అన్నము ఎత్తుకొనుట, వీనిలో స్త్రీల భాగము పెద్దది. పురుటి మైల, చావు మైల, రోగి మైల, ఊరందఱి మైలయు వారి చేతులమీదుగా కడిగి, పిదప ఊరు వారినే తక్కువవారుగా చూచెను. అంటరానివారని వెలి పెట్టబడిన కులములవారికి ఊరి చాకలి ఉతుకరాదను కట్టడి వేఱొక యన్యాయము. మఱియు చాకలికి వేయు బట్టలు కొన్నియే. దినము కట్టి విడిచినవి, పసిబిడ్డల పొత్తిగుడ్డలు, మడిబట్టలు బావిగట్టున జాడించి దండెముపై వేయు పని ప్రతి యింటను ఆడువారిదే.

నిజాము రాష్ట్రమున తెలంగాణములో ఇది వెట్టిగా మాఱెను. దేశముఖుల గడీలలో చాకలి కుటుంబములు బట్టలుతుకుటయే గాక, నీళ్లు మోయుట, అంట్లు తోముట మున్నగు పనులెల్ల కూలి లేకయే చేయవలసి యుండెను. పాలకుర్తికి చెందిన చిట్యాల ఐలమ్మ, చాకలి ఐలమ్మ యని లోకమెఱిగిన వీరవనిత, అట్టి కుటుంబములో పుట్టినది. కౌలుకు తీసికొని తాను సేద్యము చేసిన నాలుగెకరముల పంటను విసునూరు దేశముఖు మనుషులు ఎత్తుకొనిపోవ వచ్చినప్పుడు, ఆంధ్రమహాసభ సంఘమువారి తోడుతో ఆమె యెదిరించి నిలిచి, గింజలను ఇల్లు చేర్చుకొనెను. తెలంగాణ రైతాంగపోరాటమున కది యొక మైలురాయి. ఆమె 1985లో మరణించెను. 2024లో హైదరాబాదు కోఠిలోని మహిళావిశ్వవిద్యాలయమునకు ఆమె పేరు పెట్టబడినది. ఊరి బట్టల లెక్క తప్పనివారు ఆ బట్టలుతికిన చేతుల లెక్క తప్పిరని, ఆ లెక్క తాము అడుగక తీరదని ఆమె జీవితము చెప్పుచున్నది.

ఇట్టి లెక్క అడిగినవారు ఇతరదేశములందును కలరు. అమెరికాలో బానిసత్వము 1865లో రద్దయిన తరువాత నీగ్రో స్త్రీలకు దొరకిన ముఖ్యమగు జీవనోపాధి పరుల బట్టలుతుకుటయే. 1881 జూలైలో అట్లాంటా నగరమున ఇరువదిమంది చాకలిస్త్రీలు సంఘముగా కూడి, పండ్రెండు పౌనుల బట్టలకు ఒక డాలరు చొప్పున కూలి యడిగి పని నిలిపిరి. మూడు వారములలో వారి సంఖ్య సుమారు 3000 అయ్యెను. అరెస్టులును, జుల్మానాలును వారిని వెంటనే లొంగదీయలేకపోయినవి. పని నిలిచినప్పుడే ఆ పని యెంతటిదో నగరమునకు తెలిసినది.

ఇక ఈ పని విలువను మఱొక విధముగా చూపిన స్త్రీ కిట్టీ విల్కిన్సన్. ఆమె ఇంగ్లండులోని లివర్పూలు నగరమున పేదరాలు. 1832లో ఆ నగరమున కలరా వ్యాపించెను. కలరాకు కారణమేమో నాటి వైద్యులకు తెలియదు. ఆమె వీథిలో నీళ్లు కాచు పెద్ద కాగు ఆమె యింటనే యుండెను. రోగుల పక్కబట్టలు తెచ్చి తన యింట మరుగునీట ఉతుకుకొనుడని ఆమె యిరుగుపొరుగువారిని పిలిచి, వారమునకు ఒక్క పెన్నీ మాత్రము తీసికొనెను. మరుగునీట కలరాక్రిమి చచ్చునని మనకు నేడు తెలియును. ఆమెకు తెలిసినది శుభ్రత మేలనియే. ఆ చిన్న వంటయింటి పనిని చూచి నగరపాలకులు 1842లో ప్రజలకై స్నానశాలయు, ఉతుకుశాలయు తెఱచిరి. 1846లో ఇంగ్లండు పార్లమెంటు అట్టి శాలల కొఱకు చట్టము చేసెను. ఉతుకు గది కేవలము అలంకారము కాదు, ప్రాణరక్షణశాల యని చెప్పుటకు ఇంతకన్న నిదర్శన మేల?

ఇండ్లలో ఉతుకునకు ప్రత్యేకముగా గది యుండవలయునని వ్రాసినవారిలో ముఖ్యురాలు అమెరికా విదుషి కాథరీను బీచరు. ఆమె తన సోదరి హారియెటుతో కలిసి 1869లో ప్రకటించిన గృహనిర్వాహగ్రంథమున ఇంటి నేలమాళిగలో స్థిరమైన తొట్లతో ఉతుకు గదిని చిత్రించి చూపెను. విశేష మేమనగా, ఆ గ్రంథమే మఱొక సూచనయు చేసినది. ప్రతి యింటివారును వేఱువేఱుగా సబ్బునకు, కట్టెలకు, పాత్రలకు పెట్టు సొమ్మును ఒకటిగా కూర్చి, పండ్రెండు కుటుంబములకు ఒక ఉతుకుశాల పెట్టుకొన్నచో గృహిణి భారము తీరునని. గదిని చిత్రించినవారికే ఆ గది చాలదని తోచినది! అది తోచుట సహజమే. ఒక్క విడత బట్టలను ఉతికి, ఉడికించి, జాడించుటకు ఆనాటి గృహిణి సుమారు 50 గాలనుల నీరు, అనగా 400 పౌనుల బరువు, మోయవలసి యుండెనని చరిత్రకర్త్రి సూసన్ స్ట్రాసర్ 1982లో వ్రాసినది.

తరువాత యంత్రము వచ్చినది. ఇరువదవ శతాబ్ది మొదటి దశకముననే విద్యుత్తుతో తిరుగు ఉతుకు యంత్రములు అమెరికాలో అమ్మకమునకు వచ్చినవి. తానే నీరు నింపుకొని, జాడించి, పిండు యంత్రము 1937లో బెండిక్సు కంపెనీ చూపినది. ఇక స్త్రీలకు విడుదల కలుగునని అందఱును తలచిరి. కాని 1974లో జోఆన్ వానెక్ అను పరిశోధకురాలు లెక్కలు తీసి చూడగా, ఉద్యోగము లేని అమెరికా గృహిణులు ఉతుకుపనికి వెచ్చించు కాలము యంత్రములు రాకముందు కన్న తగ్గక, కొంచెము పెరిగినట్లు తేలెను. 1983లో రూత్ ష్వార్ట్జ్ కోవన్ అను చరిత్రకర్త్రి దానికి కారణములు వివరించినది. యంత్రము రాకపూర్వము పెక్కు కుటుంబములు బట్టలను చాకలిస్త్రీలకో, ఉతుకుశాలలకో పంపుచుండెడివి. యంత్రము ఆ పనిని తిరిగి యింటిలోనికి, ఒక్క మనిషి మీదికి తెచ్చినది. మఱియు ఉతుకుట సులభమైనకొలది బట్ట త్వరగా మాసినట్లు తోచసాగెను. వారమున కొకసారి మార్చు చొక్కాను దినమున కొకసారి మార్చుట అలవాటయ్యెను. చేతి బరువు తగ్గినది, మూట పెరిగినది.

ఈ మాట మనకును వర్తించును. మన దేశమున 1959లో సర్ఫు పొడియు, 1969లో నిర్మా పొడియు వచ్చినవి; తరువాత పట్టణములలో యంత్రములును వచ్చినవి. పట్టణములలో రేవు దూరమయ్యెను; చాకలి కుటుంబములు పలువురు తమ బిడ్డలను చదివించుకొని అన్యవృత్తులకు పోయిరి. అది సంతోషింపదగిన విషయము. కాని వారు దింపిన మూట ఎవరి నెత్తి కెక్కినది? 2019లో భారతప్రభుత్వము జరిపిన కాలవినియోగ పరిశీలనలో, ఒక దినమున జీతము లేని యింటిపనిలో పాల్గొన్న స్త్రీలు నూటికి 81 మంది. పురుషులు నూటికి 26 మంది. పాల్గొన్న స్త్రీలు సగటున 299 నిమిషములు చేయగా, పాల్గొన్న పురుషులు చేసినది 97 నిమిషములు. మూట యెవరిపై బడినదో ఈ లెక్కయే చెప్పుచున్నది. తావును, గుర్తును, గడువును క్రొత్తవి చేసికొంటిమి కాని నాలుగవ యంగమును ముట్టలేదు.

కావున ఉతుకు గదిని అమర్చుకొనదలచిన కుటుంబమునకు చరిత్ర చెప్పు సలహాలు ఇవి.

తావు విషయమున, దండెమునకు ముందు చోటు చూడుడు, యంత్రమునకు పిదప. ఎండ తగులు వసారా గాని, మిద్దె గాని గదికి దగ్గఱగా నుండవలయును. వానకాలమునకు ఇంటిలోపల గాలి యాడు చోట మఱొక దండెము వ్రేలాడదీయుడు. నేలకు వాలును, నీరు పోవు త్రోవయు ముందే ఉండవలయును. పని యొక వరుసలో నడువవలయును: విడిచిన బట్టల బుట్ట, నానవేయు తొట్టి, ఉతుకు చోటు, ఆఱవేయు దండెము, మడత పెట్టు బల్ల, పిదప ఎవరి అఱ వారికి. పాంపే తొట్లలో నీరు ఒక దిక్కునకే పాఱినట్లు, బట్టయు ఒక దిక్కునకే నడువవలయును. వెనుకకు తిరిగినచో కలగాపులగ మగును.

గుర్తు విషయమున, జీడిగింజ పోయినను జీడిగుర్తు ఉండవలయును. ఒక్కొక్కరి బట్టలకు ఒక్కొక్క రంగు దారముతో లోపలి అంచున రెండు కుట్లు వేసినచో చాలును; బొబ్బలెక్కవు, చెఱగవు. ఒక్కొక్కరికి ఒక్కొక్క బుట్ట. తెల్లనివి, రంగు పోవునవి, పట్టువి మొదటనే వేఱు చేసినచో తరువాతి పని సగము తీరును. చాకలిపద్దును తలుపు వెనుక చీటిగా తిరిగి వ్రేలాడదీయుడు. జేబులు తడవి చూచుట మఱువకుడు.

గడువు విషయమున, అన్నిటిని ఆదివారమునకు కూడబెట్టకుడు. దినమునకు కొంచెము చొప్పున ఉతికినచో ఎండయు చాలును, దండెమును చాలును. ఒకసారి కట్టిన ప్రతి బట్టయు మాసినదే యని యెంచక, చెమట పట్టినదేది, గాలికి వేసిన చాలునదేది అని విచారింపుడు. కోవన్ చెప్పిన పెరిగిన మూటకు మందు ఇదియే.

ఇక చేతులు. దీని కొఱకే నేను ఇంతదూరము మిమ్ము తీసికొనివచ్చితిని. ఎంత చక్కని గదియైనను, అందు నిలుచునది ఒక్క మనిషియే యైనచో అది వెనుకటి చాకిరేవే. నది లేదు, తోడు లేదు, మేర గింజలును లేవు. నే నెఱిగిన యొక యింట ఆఱుగురు కలరు. ఇల్లాలు ఉద్యోగిని. ఆ యింట ఎవరి బుట్ట నిండినచో వారే యంత్రమున వేయుదురు. పదియేండ్ల బాలుడు సయితము తన దారపు గుర్తు చూచుకొని తన బట్టలు తీసికొని మడత పెట్టుకొనును. తాతగారు కూర్చుండి తుండుగుడ్డలు మడచుదురు. ఇంటి యజమాని దుప్పట్ల భారము తనదని పద్దులో వ్రాసికొనెను. ఆ గది చిన్నది. అందు వెలగల వస్తువు లేదు. అయినను ఆ యింట బట్టలు కుప్ప పడి యుండుట నేను చూచి యెఱుగను.

బయట ఇస్త్రీ బండివారికి గాని, ఉతుకుపనివారికి గాని బట్టలు ఇచ్చు కుటుంబములును కలవు. వారు పద్దులో బట్టల సంఖ్యతో పాటు ఇయ్యవలసిన కూలియు వ్రాసికొని, ఆ నాడే చెల్లింపుడు. పండుగకు ఇచ్చు పాత చీర కూలి కాదు. అట్లాంటా స్త్రీలు అడిగినది దానము కాదు, ధర.

పూర్వము ఇంటి బట్టల లెక్క గోడపై బొగ్గుతో వ్రాసిరి. ఆ లెక్కలో పంచెలు కలవు, చీరలు కలవు; ఉతికినవారి పేరు లేదు. నేటి మన పద్దులో ప్రతి బట్టకెదుట ఉతుకువారి పేరును, ఆఱవేయువారి పేరును, మడచువారి పేరును ఉండనిండు. ఆ పేర్లు అన్నియు ఒక్కరివే కాకుండనిండు.